పొయ్యి రాజేయకముందే

*మేపుల్ చెట్టు రసములో నూటికి 98 పాళ్లు నీరే. తరతరములుగా ఆ నీటిని నిప్పుతో వెళ్లగొట్టిన ఉత్తర అమెరికా రైతు, నేడు మన వంటింటి గోడకు వ్రేలాడు మంచినీటి యంత్రపు జాతికే చెందిన పొరతో దానిని వెళ్లగొట్టుచున్నాడు.*

మార్చి నెల నడిమి దినములలో, రాత్రివేళ నీరు గడ్డకట్టి పగటివేళ కరగుచుండు ఆ కొద్దివారముల ఋతువున, వెర్మాంటు రాష్ట్రపు ఉత్తరపు కొండలమీదికి పోయి చూచినచో, మోకాలిలోతు మంచులో ఆకు లేక నిలిచిన మేపుల్ వృక్షముల మొదళ్లనుండి సన్నని ప్లాస్టిక్ గొట్టములు బయలుదేరి, ఒకదానితో నొకటి కలిసికొనుచు, పల్లమునందలి యొక కొయ్య కొట్టమువైపు సాగిపోవుచుండుట కనబడును. ఆ కొట్టపు కప్పు నడుమ మఱియొక చిన్న కప్పు లేచి యుండును. దాని తలుపులు తెఱచినప్పుడు తెల్లని ఆవిరి మబ్బులు మబ్బులుగా వెడలి చెట్ల తలలమీదికి వ్యాపించును. పాకము దిగుచున్నదని ఊరివారికి అదియే చాటింపు. దారిన పోవువారు బండి నిలిపి, బూట్ల మంచు దులుపుకొని లోనికి వత్తురు. లోపల ఆవిరితో మసకబారిన దీపపు వెలుగున, మనిషికి మూడింతల పొడవుగల ఉక్కు పెనముచెంత నిలిచిన రైతు, చదునైన గరిటెను పాకములో ముంచి పైకెత్తి, అది అంచునుండి బొట్లుబొట్లుగా రాలుచున్నదా, లేక పలుచని తెరయై జారుచున్నదా యని కన్నార్పక చూచుచుండును. తెర కట్టినదా, పాకము వచ్చినట్లే.

ఆ పెనమునకు ప్రక్కగా ఒక చిన్న గది కలదు. దాని తలుపు సాధారణముగా మూసియే యుండును. గదిలో నిలువెత్తు ఉక్కు గొట్టములు రెండో మూడో గోడ నానుకొని నిలిచియుండగా, ఒక పంపు ఎడతెగక హోరుమని మ్రోగుచుండును. చిన్న గడియారముల వంటి మాపకములమీద ముళ్లు వణకుచుండును. ఆవిరి ముందర నిలిచి ఫొటోలు తీయించుకొనవచ్చిన వారిలో ఈ గదిలోనికి తొంగిచూచువారు తక్కువ. పాకపు సీసాలమీద అచ్చువేయు బొమ్మలలో మంచు, ఎఱ్ఱకొట్టము, గుఱ్ఱపుబండి, తగిలించిన బకెట్లు ఉండునేగాని ఈ గది యుండదు. కాని ఆ కొట్టములో నీటిని వెళ్లగొట్టు పనిలో నాలుగింట మూడుపాళ్లు, పొయ్యిలో మంట అంటుకొనకముందే, ఈ గదిలోనే ముగిసిపోవుచున్నవి.

మెయిన్ రాష్ట్రమున ఏటేట మార్చి నాలుగవ ఆదివారమును మేపుల్ ఆదివారముగా జరుపుకొందురు. వెర్మాంటులోను అదే నెలలో రైతులు తమ కొట్టముల తలుపులను ఊరందఱికిని తెఱచి యుంచెదరు. టొరాంటో, బోస్టన్ ప్రాంతముల తెలుగు కుటుంబములును బిడ్డలను వెంటబెట్టుకొని పోయి, మంచుమీద పోసిన వేడిపాకమును పుల్లకు చుట్టుకొని తిని వచ్చుట కలదు. ఇట్టి జాతరలలో ఏటేట తప్పక వినబడు ప్రశ్న యొకటున్నది: పంపుతోను పొరతోను సగము పని చేయించిన పాకము తాతలనాటి పాకమగునా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు ముందు ఆ తాతలు పడిన పాట్లెట్టివో తెలిసికొనవలసి యున్నది.

నూటికి రెండు పాళ్లు

మేపుల్ రసమును తొలిసారి నోట పోసికొన్నవాడు తాను మోసపోయితినని యనుకొనును. అది చూపునకు నీరు. నాలుకకును ఇంచుమించు నీరే. మ్రింగిన పిమ్మట ఎక్కడనో లీలగా తీపి తోచును. అందలి చక్కెర నూటికి రెండు పాళ్లు మాత్రమే. చెట్టును బట్టి, ఋతువును బట్టి కొంత హెచ్చుతగ్గులుండును. దానిని పాకమని చట్టము ఒప్పుకొనవలెనన్న చక్కెర నూటికి 66 పాళ్లు ఉండితీరవలెను. ఈ రెండంకెల నడుమనున్న దూరమంతయు నీరే. లెక్క వేసినయెడల, 1 లీటరు పాకమునకు 43 లీటర్ల రసము కావలెను; అందు 42 లీటర్లు ఆవిరియై ఆకాశమునకు పోవలెను.

నీటిని మరుగునంతవరకు కాచుట యొక యెత్తు. మరిగిన నీటిని ఆవిరిగా మార్చుట మఱియొక యెత్తు. మంచువలె చల్లనైన నీటిని మరుగు స్థితికి తెచ్చుటకు పట్టిన వేడికి అయిదింతలకు పైగా వేడి, అదే నీటిని ఆవిరి చేయుటకు పట్టును. చలిదేశపు రైతు వసంతమంతయు కట్టెల రాశి ముందర నిలిచి చెల్లించిన పన్ను ఇదియే. 4 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవున పేర్చిన కట్టెల మోపును వారు కార్డు అందురు. మంచి పెనముమీద అట్టి మోపు ఒకటి కాలినచో సుమారు 25 గాలన్ల పాకము, అనగా మన లెక్కకు 95 లీటర్లు దిగునని వారి వాడుక లెక్క. ఆ కట్టెను నరికి, చీల్చి, పేర్చి, ఎండబెట్టు పనికి వేసవియు శరత్తును చాలవలసినదే. న్యూయార్కు నగరమును విడిచి 1932లో వెర్మాంటు కొండలకు చేరిన స్కాట్, హెలెన్ నియరింగు దంపతులు ఈ పాకపు రాబడిమీదనే జీవనము గడపుచు, 1950లో మేపుల్ చక్కెరపై ఒక గ్రంథమే వెలువరించిరి. చదువుకొన్న పట్టణవాసులు కట్టెలు మోసి బ్రదుకుటయే ఆనాడు విశేషవార్త యైనది.

ఇచట మన దేశపు బెల్లపు పెనము జ్ఞప్తికి రాక మానదు. అనకాపల్లి ప్రాంతమున చెఱకు రసము పెనములోనికి వచ్చునప్పటికే నూటికి 16 మొదలు 20 పాళ్ల తీపిని మోసికొని వచ్చును. పైగా పొయ్యిలోనికి వలసిన ఇంధనమును ఆ చెఱకే సమకూర్చును, రసము పిండగా మిగిలిన పిప్పి ఎండి మంటలోనికి పోవును గనుక. మేపుల్ రైతున కీ రెండు భాగ్యములును లేవు. అతని రసము చెఱకు రసమునకు ఎనిమిదవ పాలో పదియవ పాలో తియ్యనిది. అతని ఇంధనము వేఱొక చెట్టును కూల్చినగాని రానిది. ఇరువదవ శతాబ్దపు నడుమ ననేకులు కట్టె మాని నూనెపొయ్యిలకు మారిరి. శ్రమ తగ్గెనుగాని ఖర్చు తగ్గలేదు: 1 లీటరు పాకము దిగుటకు సుమారు 4 లీటర్ల నూనె కాలుచుండెను. 1973లో చమురు ధర ఒక్క శీతకాలములో నాలుగింతలై కూర్చున్నప్పుడు, ఈ లెక్క రైతు గుండెలమీద కుంపటియైనది.

> 86 సూత్రము
>
> మేపుల్ సీమలో బడికి పోని వృద్ధుడును నోటికి చెప్పగల లెక్క యిది. రసములో చక్కెర నూటికి ఎన్ని పాళ్లున్నదో ఆ అంకెతో 86ను భాగింపగా వచ్చినదే, ఒక కొలత పాకమునకు కావలసిన రసపు కొలతలు. తీపి 2 అయినచో 43. 8 అయినచో 11కు కొంచెము తక్కువ. 20 అయినచో 4కు కొంచెము ఎక్కువ. వెర్మాంటు విశ్వవిద్యాలయమునకు చెందిన జోన్స్ అను శాస్త్రజ్ఞుని పేర ఇది ప్రసిద్ధమైనది. పాకము వచ్చినదని చెప్పుటకు వేఱొక గుర్తు కలదు: నీరు మరుగు వేడికన్న సుమారు 4 సెంటిగ్రేడు డిగ్రీల పైన అది మరుగవలెను.

మంచుగడ్డను పారవేసినవారు

నిప్పు లేకుండ నీటిని తీసివేయు ఆలోచన యంత్రయుగమున పుట్టినదని తలచుట పొరపాటు. 1755లో పెన్సిల్వేనియాకు చెందిన జేమ్స్ స్మిత్ అను పదునెనిమిదేండ్ల యువకుడు, అడవిలో బాట వేయుచుండగా ఆదివాసులకు చిక్కి, వారిచే దత్తు గొనబడి, కొన్నియేండ్లు వారితోనే కాపురము చేసెను. ఆ అనుభవమును అతడు 1799లో అచ్చువేయించిన పుస్తకమున, పెద్ద పాత్రలు చాలక ఆ కుటుంబమువారు అవలంబించిన యుపాయ మొకటి వర్ణింపబడినది. బెరడుతో చేసిన వెడల్పాటి తొట్లలో మేపుల్ రసమును పోసి రాత్రి చలికి విడిచెడివారు. తెల్లవారినంతనే పైన గట్టిపడిన మంచుపలకను పగులగొట్టి బయట పారవేసెడివారు. చక్కెరను పారవేయుచున్నారు గదా యని యువకుడు అడిగెనట. చక్కెర గడ్డకట్టదనియు, పోవునది వట్టి నీరేననియు, నమ్మకమున్నయెడల ఆ మంచును కాచి చూడుమనియు వారు బదులు చెప్పిరట. స్మిత్ ఆ పరీక్ష చేయనే లేదు. కాని పలుమార్లు గడ్డకట్టిన పిమ్మట తొట్టిలో మిగిలిన రసము గోధుమవన్నెకు తిరిగి మిక్కిలి తియ్యనగుట తాను చూచితినని నిజాయితీగా వ్రాసియున్నాడు. నేటి యంత్రమునకు మూలపురుషులను వెదకవలసివచ్చినచో, నేను ఆ పేరెఱుగని స్త్రీపురుషులకే తొలి పీట వేయుదును.

అబెనాకీ జనుల నడుమ ప్రచారముననున్న యొక గాథ దీనికి విచిత్రమగు పీఠిక. పూర్వకాలమున మేపుల్ చెట్టునుండి రసము గాక చిక్కని పాకమే స్రవించెడిదట. జనులు పొలము మాని, వేట మాని, చెట్లక్రింద వెల్లకిల పరుండి నోరు తెఱచుకొని కాలము గడుపుచుండిరట. గ్లుస్కబె అను మహిమాన్వితుడు వారి సోమరితనము చూచి, నదినుండి నీరు తెచ్చి చెట్లలో పోసి, పాకమును పలుచన చేసి, ఇకమీదట తీపి కావలెనన్న కట్టె కొట్టి కాచుకొనుడని శాసించెనట. పోసిన ఆ నీటిని పంపుతో తిరిగి తోడివేయు నేటివారిని చూచినచో ఆ మహనీయుడేమనునో!

లాస్ ఏంజెలిసులో ఒక భారతీయుడు

పలుచని ద్రవము చిక్కని ద్రవమువైపు సన్నని పొరగుండ తనంతట తాను ప్రసరించుననుట 1748నాటికే ఫ్రాన్సు దేశమున నొల్లే అను మతాచార్యుడు పందితిత్తితో చూపిన సంగతి. మన పాఠ్యపుస్తకములు దీనికి ద్రవాభిసరణమని పేరిడినవి. చిక్కని వైపునుండి గట్టిగా ఒత్తిడి పెట్టినచో ఈ ప్రవాహము వెనుకకు మరలును. నీరు పొరను దాటి వచ్చును, అందు కరగియున్నది వెనుకనే నిలుచును. ఇదియే ఉత్క్రమ ద్రవాభిసరణము. మన వీధులలో ఆర్.ఓ. యని రెండక్షరములతో చెలామణియగునది. సూత్రము తెలిసియు పొర దొరకక శాస్త్రజ్ఞులు చిరకాలము చేతులు కట్టుకొని కూర్చుండిరి. ఉప్పును ఆపగల పొర నీటిని గూడ ఇంచుమించు ఆపివేయుచుండెను. బొట్టు బొట్టుగా వచ్చు నీటితో ఊరి దాహము తీరునా?

ఈ చిక్కును విప్పినవారు ఇద్దఱు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజెలిసు శాఖలో సిడ్నీ లోబ్ అను అమెరికనును, భారతదేశమునుండి వెళ్లిన శ్రీనివాస సౌరిరాజనును 1950ల చివర సెల్యులోజ్ ఎసిటేటుతో ఒక పొరను నిర్మించిరి. దాని పైతట్టు మాత్రమే అతిసూక్ష్మముగా బిగిసియుండి, అడుగంతయు వదులుగా, రంధ్రమయముగా నుండెను. అందుచే అది ఉప్పును నిలిపియు నీటిని ధారగా విడిచెను. 1965లో కాలిఫోర్నియాలోని కోలింగ అను చిన్నపట్టణమున, అంతకుముందు త్రాగునీటిని రైలుబండిలో తెప్పించుకొన్న ఊరున, ఈ పద్ధతిమీద తొలి నీటి కర్మాగారము పనికి మొదలిడెను.

సౌరిరాజన్ తరువాతి జీవితము కెనడా జాతీయ పరిశోధనా మండలిలో, ఒట్టావా నగరమున గడచినది. కోలింగలో నీరు పారిన ఆ 1965లోనే ఫిబ్రవరి 15న కెనడా తన క్రొత్త పతాకముమీద ఎఱ్ఱని మేపుల్ ఆకును నిలిపినది. ఈ రెండింటికిని కార్యకారణ సంబంధమేమియు లేదు. ఐనను మన దేశస్థు డొకడు పాలుపంచుకొని సృజించిన పొర, అతడు స్థిరపడిన దేశపు చిహ్నవృక్షము వాకిటికే పోయి నిలుచుట చరిత్ర తనకు తాను చేసికొన్న చమత్కారమని మురియక తప్పదు. ఉప్పునీటికై పుట్టిన పొరను తియ్యని నీటికి త్రిప్పినవారు అమెరికా వ్యవసాయశాఖకు చెందిన పరిశోధకులు. విలిట్స్, అండర్‌వుడ్, మెర్టెన్ అను మువ్వురు మేపుల్ రసమును ఈ పద్ధతిని చిక్కబరుపవచ్చునని 1967లో ప్రకటించిరి. నూనె చవుకగా నున్నంతకాలము రైతులు దానిని పట్టించుకొనలేదు. చమురు ధర మండిన పిమ్మటనే ఆ పరిశోధనాపత్రము కొట్టములలోనికి నడచి వచ్చినది.

మనకు పనికిరానిది వారికి పెన్నిధి

నల్లగొండ ఫ్లోరైడు కథ నెఱిగిన తెలుగువారికి ఆర్.ఓ. యంత్రమును వర్ణించి చెప్పనక్కఱలేదు. పల్లెపల్లెన వెలసిన మినరల్ వాటర్ ప్లాంట్లు, సైకిళ్లకు కట్టిన 20 లీటర్ల క్యానులు, 2014లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2 రూపాయలకే 20 లీటర్లని ప్రకటించిన ఎన్టీఆర్ సుజల స్రవంతి, వంటింటి గోడమీది పెట్టెనుండి సింకులోనికి దిగుచుండు సన్నని గొట్టము, అన్నియు మనమెఱిగినవే. పొరను దాటి వచ్చిన నీటిని మనము త్రాగుదుము. దాటలేక వెనుక నిలిచిన ఉప్పునీటిని పాఱబోయుదుము. మేపుల్ రైతు సరిగా దీనికి విలోమముగా ప్రవర్తించును. పొరను దాటలేక మిగిలినదే అతని ధనము. దాటి వచ్చిన స్వచ్ఛజలము, మనము డబ్బు పెట్టి కొను వస్తువు, అతనికి గిన్నెలు కడుగు నీరు.

చెట్లనుండి వచ్చిన రసము ముందుగా సన్నని వడపోతగుండ సాగి చెత్తను వదలుకొనును. పిమ్మట పెద్దపంపు దానిని పొరల చుట్టలతో నిండిన ఉక్కుగొట్టములలోనికి త్రోయును. ఆ ఒత్తిడి మన మోటారు బండి చక్రములోని గాలి ఒత్తిడికి పదింతలు మొదలుకొని పెక్కింతలు. నీటి అణువు చిన్నది గనుక దూరిపోవును. చక్కెర అణువు పెద్దది గనుక నిలిచిపోవును. దానితోపాటు పొటాషియము, కాల్షియము వంటి లవణములును, రుచికి మూలములగు ఆమ్లములును వెనుకనే యుండును. తీపి 2నుండి 8కి చేరినచో 43 లీటర్లలో 32 లీటర్ల నీరు పొయ్యి మొగము చూడకయే వెడలిపోయినట్లు. ఆపై నిప్పు వెళ్లగొట్టవలసినది 10 లీటర్లకన్న తక్కువ. నాలుగు లీటర్ల నూనె కాలిన చోట ఒక్క లీటరుతో పని జరుగును. పంపునకగు విద్యుత్తు ఖర్చు దీని ముందర లెక్కింపదగినది కాదు. నేటి పెద్ద యంత్రములు తీపిని 20కిని, అంతకు పైకిని తీసికొనిపోవుచున్నవి.

ఐతే చిక్కబడిన కొలదియు పని కఠినమగును. తీపి పెరిగినకొలది నీటిని వెనుకకు లాగు ద్రవాభిసరణపు బలమును పెరుగును గనుక పంపు మఱింత గట్టిగా త్రోయవలెను. రసము చల్లగా నున్నకొలది పొరగుండ నీరు నెమ్మదిగా దిగును. పైగా చిక్కని రసము పాలకన్న సుకుమారమైనది. సూక్ష్మజీవులకు అంతకన్న విందు లేదు గనుక దానిని గంటలలోనే పెనమునకెక్కింపవలెను. రేపు చూతమన్నచో పులిసి రంగు చెడును. గదిలో నీరు గడ్డకట్టెనా, పొరయు పంపును రెండును నాశనము.

పెరటిలో పది పదునైదు చెట్లున్న ఉద్యోగస్థులును ఈ విద్యను వదలలేదు. ఇంటి మంచినీటి యంత్రములలో వాడు చిన్న పొరలనే, అనగా మెంబ్రేనులనే, రెండు మూడు వరుసగా కూర్చి, చిన్న పంపు తగిలించి, బకెట్లమీద అమర్చుకొని, శని ఆదివారములలో సగము నీటిని వదల్చుకొనుచున్నారు. కూతును చూడ అమెరికా వెళ్లిన తెలుగు తల్లి అట్టి పెరటిలో నిలిచి, "ఇది మన ఇంటి నీళ్ల మిషనే కదమ్మా!" యని ఆశ్చర్యపడినచో, ఆమె మాటలో తప్పు పట్టుటకేమియు లేదు.

> దాస్యము సోకని తీపి
>
> 1790ల ఆరంభమున ఫిలడెల్ఫియా వైద్యుడు బెంజమిన్ రష్ మేపుల్ చక్కెరను గట్టిగా సమర్థించెను. వెస్టిండీసు దీవుల చెఱకు చక్కెర బానిసల చెమటతో తయారగుచుండగా, మేపుల్ చక్కెరను రైతు కుటుంబము తన చేతులతో చేసికొనగలదని అతని వాదము. థామస్ జెఫర్సన్ 1791లో వెర్మాంటు పర్యటించి, మేపుల్ మొక్కలను తెప్పించి వర్జీనియాలోని తన తోటలో నాటించెను. అవి అచట వర్ధిల్లలేదు. బానిసలచేత సేద్యము చేయించుచునే ఈ ప్రయత్నము చేసినవాడతడని గుర్తుంచుకొనుట మంచిది.

రుచి తగవు

ఇక మేపుల్ ఆదివారపు ప్రశ్న. పచ్చి రసములో మేపుల్ రుచి లేదు, మేపుల్ రంగును లేదు. ఆ రెండును పెనములో పుట్టునవి. చక్కెరయు, రసములోని అమైనో ఆమ్లములును వేడికి లోనై, ఒకదానితోనొకటి కలిసి, గోధుమవన్నెను, ఆ విలక్షణ పరిమళమును కల్పించును. కావున పెనముమీద గడుపు కాలము తగ్గినచో రుచియు తగ్గునని సందేహించుట వృద్ధుల ఛాందసముగా కొట్టివేయరాదు. అందు హేతువు కలదు. యంత్రములు వచ్చిన తొలిదినములలో రైతులు ఇరుగుపొరుగులకు తెలియకుండ దానిని వెనుక గదిలో పెట్టి తలుపు మూసికొన్నారన్నచో అందుకు ఈ భయమే కారణము.

వెర్మాంటు విశ్వవిద్యాలయమువారు అండర్‌హిల్ గ్రామమున నడపు ప్రాక్టర్ మేపుల్ పరిశోధన కేంద్రము ఈ తగవును ఊహలకు వదలక పరీక్షకు పెట్టినది. ఒకే రసమును పంచి, ఒక భాగమును యథాతథముగాను, మఱియొక భాగమును పొరతో చిక్కబరచియు, సమానమగు పెనములలో కాచి, ఏది ఏదో తెలియనీక రుచిచూపరుల ముందుంచిరి. నూటికి 8 పాళ్ల వఱకు చిక్కబరచినప్పుడు చెప్పుకోదగిన భేదమును నాలుక పట్టలేకపోయినది. నాకు తోచిన కారణమిది: పెనములో నీరు సుదీర్ఘకాలము పలుచగా మరుగు ఘట్టముకన్న, చివరి పాత్రలో చక్కెర చిక్కబడి కుతకుతలాడు ఘట్టమే రంగును రుచిని తీర్చునది, ఆ చివరి ఘట్టము యంత్రము వచ్చిన పిమ్మటను నిప్పుచేతిలోనే యున్నది. 30 పాళ్లు దాటించు యంత్రముల విషయమున మాత్రము వాదము ముగియలేదు. అచట పెనములో రసము నిమిషములే గడుపును. అందుచే పాకము మిగుల లేతవన్నెకు వచ్చుట కద్దు. లేతదానిని మెచ్చువారికి అది గుణము, నల్లని ఘాటు పాకమును కోరువారికి లోపము. కొందఱు రైతులు కట్టెల పొయ్యిమీద కాచినదని సీసామీద గొప్పగా వ్రాసికొందురు. ఆ మాట అబద్ధము కాదు; పొయ్యికి ముందు పంపు తిరిగినదా లేదా యన్నది మాత్రము ఆ మాటలో లేదు.

పెనము చెంత పనియును మారినది. చిక్కని రసములో సున్నపు ఇసుక వంటి మలినము త్వరత్వరగా అడుగున పేరుకొనును. పరాకుగా నున్నచో నిమిషములో పెనము మాడి వేలరూపాయల సరకు బూడిదయగును. నురుగు పొంగినప్పుడు ఒక చుక్క వెన్న వేసి అణచు పాతకాలపు చిట్కా నేటికిని చెల్లుచునే యున్నది.

మిగిలిన రాత్రులు ఎచటికి పోయినవి?

పూర్వము రసము వెల్లువయై వచ్చిన దినములలో పాకపు కొట్టమున రాత్రి యుండెడిది కాదు. చెట్లు రైతును అడిగి స్రవింపవు; వెచ్చనిదినము వచ్చినచో తొట్లు నిండి పొర్లును, నిలువయుంచినచో రసము చెడును. తండ్రి పొయ్యిలో కట్టె వేయుచుండగా కొడుకు బల్లమీద కునుకు తీయుటయు, తెల్లవారుజామున ఒకరినొకరు లేపుకొనుటయు, పొరుగువారు గుడ్లు తెచ్చి మరుగు రసములో ఉడికించుకొని తినుటయు ఆ ఋతువు ఆచారము. పది గంటల పని మూడు గంటలలో ముగియుటతో రైతు రాత్రి భోజనమునకు ఇంటికి పోగలిగెను. ఇంటి ఇల్లాండ్రు ఈ యంత్రమును దీవించినట్లు మఱి దేనినిని దీవించియుండరని నా నమ్మకము.

కాని ఆదాయైన కాలమును మనుష్యుడు విశ్రాంతిగా వాడుకొనుట అరుదు. చెట్టుకు గొట్టము తగిలించి శూన్యపు పంపుతో లాగినచో బకెట్టుకన్న రెట్టింపు రసము వచ్చునని అంతకుముందే తెలిసినది. అంత రసమును కాచు దిక్కులేక రైతులు వెనుదీసిరి. పొర ఆ అడ్డును తొలగించినది. రసము తీయుటకు చెట్లకు వేయి రంధ్రములు తొలుచు రైతు అయిదువేలకు పోయెను. అయిదువేలవాడు ఇరువదివేలకు పోయెను. నేడు లక్ష దాటిన తోటలును వెర్మాంటులో నున్నవి, అందు కొన్నిటికి పెట్టుబడి దూరనగరపు మదుపరులది. ఒక్కొక్క రంధ్రమునుండి మామూలుగా దిగు పాకము ఏడాదికి సుమారు 1 లీటరే గనుక రాబడి పెరుగవలెనన్న రంధ్రములు పెరుగవలసినదే. కట్టె మిగిలినది, నూనె మిగిలినది, అడవి ఊపిరి పీల్చుకొన్నది, నిజమే. యంత్రము కొనలేని చిన్నరైతు తన రసమును పెద్దరైతు కొట్టమునకు అమ్ముకొని చేతులు దులుపుకొన్నదియు అంతే నిజము. లాభనష్టముల త్రాసులో నేను యంత్రమువైపే మొగ్గుదును, ఏలయన చలిరాత్రి నిద్రలేమిని దూరమునుండి అందమని పొగడుట సులభము. ఐనను రెండవ తట్టలో నేమియు లేదని బుకాయింపను.

> పాకపు ధాన్యాగారము
>
> ప్రపంచపు మేపుల్ పాకములో నూటికి 70 పాళ్లకు పైగా కెనడాలోని క్యూబెక్ రాష్ట్రమునుండియే వచ్చును. పంట యెక్కువైన ఏడు నిలువచేసి, తక్కువైన ఏడు విడుదలచేయుటకు అచటి ఉత్పత్తిదారుల సమాఖ్య 2000 సంవత్సరమునుండి పీపాల భాండాగారమును నడపుచున్నది. 2011, 2012 నడుమ ఆ నిలువలోనుండి సుమారు 3,000 టన్నుల పాకమును దొంగలు క్రమముగా తోడుకొనిపోయి, కొన్ని పీపాలలో నీరు నింపి యుంచిరి. 2021లో పంట కుంటుపడగా సమాఖ్య దాదాపు 5 కోట్ల పౌనుల నిలువను బయటికి తీసినది. 2024లో క్యూబెక్ పంట 23 కోట్ల 90 లక్షల పౌనులకు చేరి క్రొత్త హద్దును నెలకొల్పెను.

మొగ్గ తొడిగిన దినము

శీతకాలములు పూర్వమువలె స్థిరముగా లేవని మేపుల్ రైతులందఱును చెప్పుదురు. ఫిబ్రవరిలోనే వెచ్చదనము వచ్చి రసము ముందుగా పారుటయు, నడుమ నాగిపోయి మరల ఒక్కుమ్మడిగా విఱుచుకొనిపడుటయు తఱచైనవి. రెండు దినముల వెల్లువను ఒక్కరాత్రిలో చిక్కబరుపగల యంత్రము ఇట్టి చపలఋతువులందు విలాసవస్తువు గాక అవసరమైనది. ఐనను దాని శక్తికి మేర లేకపోలేదు. ఏప్రిలులో చెట్టు మొగ్గ తొడుగుటకు సిద్ధపడినంతనే రసములో ఒక వెగటు రుచి పుట్టును. పొర దానిని తీసివేయలేదు, చక్కెరతోపాటు దానిని గూడ చిక్కబరచును.

ఆ వాసన తగిలిననాడు రైతు చెట్ల రంధ్రములనుండి తూములను ఊడబెఱికి, గొట్టములను కడిగి, ఋతువంతయు దాచియుంచిన పొర దాటిన నీటితో మెంబ్రేనులను ప్రక్షాళించును. ఆపై సబ్బునీటితో నొకమారు, మరల మంచినీటితో నొకమారు కడిగి, అవి ఎండిపోకుండను బూజు పట్టకుండను మందునీటిలో ముంచి మూతలు బిగించును. కొందఱు వానిని కడిగించుటకై యంత్రము అమ్మినవారికే పంపుదురు. వచ్చు ఫిబ్రవరికి అవి తిరిగివచ్చును. ఈలోపల పీపాలకు ధర కట్టు వర్తకులు వత్తురు, పొలములో గడ్డి మోకాలెత్తు పెరుగును, ఈ ఏడు మఱి రెండువందల రంధ్రములు పెంచవలెనా యన్న చర్చ భోజనపు బల్లవద్ద మొదలగును.